ఎడమ పక్క చప్పుడు

హొసూరు రోడ్డు సిగ్నల్ దాటి
లక్కసంద్ర సందులోకి తిప్పగానే మొదటి హంపు.
అక్కడే అంటుంది: టొక్.
తలుపు మీద ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు.
రెండో హంపుకి టొక్, టొక్.
మూడోది రాకముందే
నా నడుము దానికోసం బిగుసుకుంటుంది.

తొంభై ఎనిమిది నాటి జెన్.
నా చేతికొచ్చేసరికే ముగ్గురి పేర్లు మోసింది.
సర్వీస్ సెంటర్ వాడు పద్దెనిమిది వేలకి చీటీ రాశాడు,
"సస్పెన్షన్ మొత్తం మార్చాలి మేడమ్."
వాడు బానెట్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

పీరాన్ సాబు వేశాడు.
కదిరి మనిషి. విల్సన్ గార్డెన్ శ్మశానం గోడ పక్కన షెడ్డు,
అవతల పొగ, ఇవతల గ్రీజు వాసన.
బానెట్ మూల మీద అరచెయ్యి ఆనించి
బలంగా కిందికి నొక్కి వదిలాడు.
లేచింది, దిగింది, నిలిచింది.
"శాకులు బాగుండాయిలే అక్కా. వాట్ని ముట్టుకోవద్దు."
ఇలియాసు బండిని అటూ ఇటూ ఊపుతుంటే
పొడుగు స్క్రూడ్రైవర్ కొన బోల్టుకి, పిడి తన చెవికి ఆనించి
కళింగర కాయ కొనేవాడిలా మొహం పెట్టాడు.
"ఈడ కాదు."
ఇంకో బోల్టు.
"ఈడా కాదు.
అక్కా, నువ్వు ఎనక కూసో. నేను తోల్తా."

మూడేళ్లలో నా బండి వెనక సీట్లో
నేను కూర్చోవడం అదే మొదలు.
అక్కణ్ణించి చూస్తే నా సీటు
ఒక పక్కకే కుంగి ఉంది.
కాళ్ల దగ్గర మ్యాటు కింద ఒక బలపం ముక్క.
మా ఇంట్లో పలకా లేదు, పిల్లలూ లేరు.

రేడియో కట్టేశాడు. అద్దాలెక్కించాడు.
"నోట్తో సెప్పొద్దు. సప్పుడొచ్చిన తావు యేలు సూపించు."
హంపు. నా వేలు ఎడమకి.
హంపు. ఎడమకి, ముందుకి.
ఈసారి బ్రేకు తొక్కిపట్టి హంపెక్కించాడు.
నా వేలు గాల్లోనే ఉండిపోయింది.
నూలు ఉండలో కొస దొరికినవాడిలా నవ్వాడు పీరాన్ సాబు.
"బ్రేకు పట్టినప్పుడు ఊరకుండాదంటే ఆర్మ్ బుష్షే."

చక్రం విప్పి చిన్న గడ్డపారతో మీటితే
రబ్బరు నోరు తెరిచింది,
పాత చెప్పు మడమలా చిట్లి.
అది కొత్తదే. ఆర్నెల్ల కిందట డొమ్లూరులో వేయించింది.
"డూప్లికేటా?"
"సరుకు మంచిదే. బిగించినోడు తప్పు జేసినాడు.
బండి గాల్లో యాలాడ్తాంటే బిగించినాడు.
కిందికి దించినాంక బరువు పడి
రబ్బరు మెలి తిరిగె. ఇంగ ఎన్నాళ్లుంటాది?"

జేసీ రోడ్డు నుంచి ఇలియాసు తెచ్చిన బుష్షు
నూట అరవై. సబ్బునీళ్లు రాసి దూర్చి,
బోల్టుని వేళ్లతో మాత్రం తిప్పి వదిలేశాడు.
జాకీ దించాడు.
చక్రం నేలకి తగిలి
బండి ఒళ్లు సర్దుకుంది.
అప్పుడు నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు.
"నేనెందుకు?"
"దినామూ అది మోసేది నిన్నే గదా."

కదలకుండా కూర్చున్నాను.
హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకోవాలా, పక్క సీట్లో పెట్టాలా
తెలియక ఒళ్లోనే పెట్టుకున్నాను.
చక్రం వెనక్కి చెయ్యి దూర్చి, చెంప మడ్‌గార్డుకి ఆనించి
రెంచి తిప్పాడు. కిర్రుమంది.
ఇంకో పావు మలుపు.
"సాలు."

ఎనిమిది వందల యాభై తీసుకుని
యాభై ఇలియాసు జేబులో పెట్టాడు.

మొదటి హంపు: ఏమీ లేదు.
రెండోది: ఏమీ లేదు.
మూడోదాని మీద, వెనక కుడివైపు నుంచి,
చాలా సన్నగా, కీచ్.

ఆపి ఫోను చేశాను.
"అది మొన్న గూడా ఉన్న్యాది అక్కా.
పెద్దది అరుస్తాంటే యాడ ఇనపడ్తాది?
తొందరేం లేదు. కొన్ని దినాలు ఇను."

రేడియో మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకుని,
సందు చివర ఇంకో హంపు ఉందని గుర్తొచ్చి,
ఇంటి మలుపు దాటేశాను.